గేజీ వెనక అంటించని చీటీ

వినుకొండ, కారంపూడి, దాచేపల్లి. ఈ మూడూ మా జిల్లాలోని ఊళ్లే. అయినా గుంటూరులో పుట్టి పెరిగినవాళ్లలో వాటిని చూసినవాళ్లు తక్కువ. అరవై రెండేళ్లు వచ్చేదాకా నేనూ చూడలేదు. పోయిన ఫిబ్రవరిలో నాలుగు రోజులు అటు తిరిగి వచ్చాను. కోట చూడటానికీ కొండ ఎక్కటానికీ కాదు, నాలుగంగుళాల కాగితం ముక్క ఒకటి ఇచ్చి రావటానికి. చూసినవి ఏ రోజుకారోజు డైరీలో రాసుకున్నాను. అటు వెళ్లనివారి కోసం వాటిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందురోజు సాయంత్రం

నేను పత్తి ప్రెస్సు మిల్లులో ముప్పై ఒక్క సంవత్సరాలు మేస్త్రీగా చేశాను. వదులు పత్తిని నీటి ఒత్తిడితో నొక్కి బేళ్లు కట్టే మిల్లు అది. బాయిలరు దగ్గర నుంచి ప్రెస్సు దాకా ఉన్న ప్రెజరు గేజీలన్నీ నా చేతికింద ఉండేవి. రిటైరైన రోజున, పక్కన పడేసిన పాత గేజీలు పన్నెండు అడిగి తెచ్చుకుని పెట్టెలో పెట్టుకున్నాను. ఏ గేజీ ఎంత తప్పు చూపిస్తుందో నాకు నోటికి వచ్చు.

నా దగ్గర పని నేర్చుకున్న మస్తాన్ వలీ ఇప్పుడు దాచేపల్లి వైపు ఒక సున్నపురాయి క్వారీలో పంపుల ఫిట్టరు. జనవరి చివర అతని దగ్గర నుంచి కార్డు వచ్చింది. తుఫాను వానలకు క్వారీ నిండిపోయిందట. రెండు పంపులు అడుగున ఉండిపోయాయట. వాటికి ఇనుప తాడు తగిలించటానికి విశాఖపట్నం నుంచి నీళ్లలో దిగే మనుషులు వచ్చారట. వాళ్ల లోతు గేజీ లారీలో పగిలిపోయిందట. మీ పెట్టెలో వందలోపు గేజీ ఉంటే పంపండి మేస్త్రిగారూ అని రాశాడు.

ఉంది. నాలుగంగుళాల డయలు, సున్నా నుంచి వంద దాకా. ఇన్నేళ్లలో అంకెల కింద ఉన్న చిన్న అక్షరాలు వెలిసిపోయాయి, అంకెలు మాత్రం మిగిలాయి. మిర్చియార్డుకు సరుకు తెచ్చిన మస్తాన్ బావమరిది లారీ తిరిగి వినుకొండ వెళుతుంటే అతని చేతికి ఇచ్చి పంపాను.

అయిదు రోజుల తర్వాత సాయంత్రం డైరీ చివరి పేజీలు తిప్పితే ఒక చీటీ కనిపించింది. ‘ఒక పౌను = రెండడుగుల నాలుగంగుళాల నీరు.’ గేజీ వెనక అంటించటానికి నేను రాసిన చీటీయే. జిగురు కోసం వెతుకుతుండగా లారీ హారను మోగటంతో, సిరా ఆరుతుందని డైరీ చివరి పేజీల్లో పెట్టి బయటికి పరుగెత్తాను. ఆ రోజు పేజీలో ‘గేజీ పంపాను. చీటీ రాశాను’ అని ఉంది. అంటించానని లేదు. చెయ్యని పని రాసే అలవాటు నాకు లేదు.

ఈ చీటీకి ఇంత గొడవ ఎందుకో చెప్పాలి. మా మిల్లులో అంకె అంటే పౌను, అంటే చదరపు అంగుళం మీద పడే బరువు. నీళ్లలో దిగేవాళ్ల గేజీ మీద అంకె అంటే అడుగు. నా గేజీ నలభై చూపిస్తే మనిషి నలభై అడుగుల్లో కాదు, తొంభై దాటి ఉన్నట్టు. నలభై అడుగుల్లో మూడు గంటలు పనిచేసి తిన్నగా పైకి రావచ్చు. తొంభైలో ముప్పావుగంట ఉండి అలా వస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మా మేనమామ వంతెన పునాది బావుల్లో, గాలి ఒత్తి నింపిన గదిలో మట్టి తవ్వేవాడు. ఒకరోజు పండగని తొందరగా పైకి వచ్చాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు చర్చికి రెండు కర్రల మీద వచ్చాడు.

తంతి ఇవ్వకపోయారా అంది నా భార్య రత్నమ్మ. క్వారీ పేరు కార్డులో లేదు, వినుకొండలో మస్తాన్ ఇంటి చిరునామా తప్ప. ఇంట్లోవాళ్లకు తంతి చదివిపెట్టే మనిషి మస్తానే, అతను క్వారీలో ఉంటాడు. రేపు నేనే వెళతానన్నాను. రత్నమ్మ సంచీలో రెండు చొక్కాలు పెడుతూ, “ఇన్నేళ్లు రాసుకున్నారు, అంటించటం మాత్రం మర్చిపోయారు” అంది.

గుంటూరు నుంచి వినుకొండ

మొదటి బస్సులోనే బయలుదేరాను. చీటీ జేబులో, డైరీ సంచీలో. ఊరు దాటగానే రెండు పక్కలా ఎర్రటి కల్లాలు. మిరపకాయలు ఎండబోసే రోజులు. ఏరగా మిగిలిన పత్తి చేలల్లో అక్కడక్కడా తెల్లగా మెరుస్తోంది. మా ఊరివాళ్లకు ఈ ఘాటు పుట్టినప్పటి నుంచీ అలవాటే అనుకుంటాం గానీ, తలుపులు మూసిన బస్సులో గోతం కారితే అలవాటు ఎందుకూ పనికిరాదు. పేరేచర్ల దాటాక పైన పెట్టిన ఒక గోతం చిరిగింది. బస్సంతా తుమ్ములు, దగ్గులు. కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకుని దగ్గుతుంటే ప్రతి దగ్గుకీ విజిల్ మోగింది, ప్రతి విజిల్‌కీ డ్రైవరు బస్సు ఆపాడు. నేను చేతిరుమాలుతో కళ్లు తుడుచుకున్నాను. ఆ రుమాలు మీదే కారం పడి ఉంది. నరసరావుపేట దాకా సగం దారి నేను చూడలేదు. అక్కడి చేల గురించి నన్ను అడగవద్దు.

పక్కన కూర్చున్న కోటమ్మ తన సీసాలో నీళ్లు నా కళ్లల్లో పోసింది. మిరపకాయలకు తొడిమలు తీసే కూలి. గంపకు ఇంత అని కూలి. గుంటూరు యార్డులో రెండు వారాలు చేసి ఇంటికి వెళుతోంది. మీ ఊళ్లో కూలి ఎక్కువా, మా ఊళ్లో ఎక్కువా అని అడిగాను. రెండు చోట్లా అంకె ఒకటేనంది. గంప మాత్రం గుంటూరులో చిన్నది, వాళ్ల ఊళ్లో మోకాలెత్తు.

“ఊరు దాటితే గంప పెరుగుద్దండి, కూలి పెరగదు,” అంది. “అడిగితే గంప అంటే గంపేగా అంటారు.”

ఆ మాట అక్కడే రాసుకుందామనుకున్నాను. కళ్లు తెరుచుకోలేదు. మధ్యాహ్నం రాశాను.

నరసరావుపేటలో ఇడ్లీ తిన్నాను. ప్లేటు ముప్పావలా, మా బ్రాడీపేటలో రూపాయి. చట్నీ బదులు కారప్పొడి ఇచ్చారు. ఆ పూట నాకు కారప్పొడి మీద కోరిక లేదు. కాఫీతో సరిపెట్టి వినుకొండ బస్సెక్కాను.

వినుకొండలో ఒక పూట

ఊరికంటే ముందు కొండ కనిపిస్తుంది. నల్లగా, నున్నగా, ఊరి నెత్తిన కూర్చున్నట్టు ఉంటుంది. మస్తాన్ ఇల్లు కొండ మొదట్లో, సైకిలు షాపు వెనక. అతని భార్య ఖాశింబీకి నన్ను ఎప్పుడూ చూడకపోయినా పేరు చెప్పకముందే తెలిసింది. మస్తాన్ ఇంట్లో నా గురించి ఎక్కువగా మాట్లాడతాడట. ఏం మాట్లాడతాడో చెప్పలేదు, నవ్వింది.

నేను మొదట అడిగింది గేజీ సంగతి. బావమరిది లారీ మధ్యలో మార్కాపురం వెళ్లి తిరిగొచ్చేసరికి మూడు రోజులు పట్టింది. నిన్న పొద్దున మస్తాన్ వచ్చి గేజీ తీసుకుని మధ్యాహ్నం బస్సులో వెనక్కి వెళ్లాడు. ఈ రోజు బిగిస్తారు, రేపు దిగుతారు అని చెప్పి వెళ్లాడట.

“వచ్చినకాడి నుంచి దాన్ని తుడవటమేనండి,” అంది. “ఇది మా మేస్త్రిగారిది, వంద గేజీల్లో ఇదొక్కటే నిజం చెబుద్ది అని పొరుగోళ్లందరికీ చూపించాడు.”

చీటీ లాంటిదేమైనా అడిగాడా అన్నాను. లేదంది. గేజీ చేతికొస్తే మస్తాన్ చీటీ ఎందుకు అడుగుతాడు? అతనికి దాన్ని చదవటం నేర్పింది నేనే.

దాచేపల్లి వైపు మధ్యాహ్నం బస్సు అప్పటికే వెళ్లిపోయింది. ఇంకొకటి రేపు పొద్దున ఆరింటికి. లారీ ఏదైనా దొరుకుతుందేమోనని స్టాండుకు రెండుసార్లు వెళ్లొచ్చాను, దొరకలేదు. చెయ్యగలిగింది లేనప్పుడు భోజనం చెయ్యటం మంచిదని నా అభిప్రాయం. జొన్నరొట్టె, గోంగూర, కోడిగుడ్డు పులుసు పెట్టింది. మా వైపు జొన్నలు పశువులకు వేస్తాం, ఇక్కడ మనుషులు తిని మనకంటే రెండింతలు నడుస్తారు. గోంగూర మా గోంగూరే గానీ ఇంకా పుల్లన. ఇక్కడి నీళ్లకు అలా వస్తుందని ఖాశింబీ చెప్పింది. నీళ్లు మాత్రం ఒక గ్లాసు తాగాక రెండోది తాగాలనిపించలేదు. సున్నపు నేల రుచి నాలుక మీద నిలిచిపోతుంది.

పొద్దున ఆమె మొగుడికి ఇమ్మని జంతికల డబ్బా చేతికిచ్చింది. నా దగ్గరా ఆయనకు ఇవ్వాల్సింది ఒకటుందమ్మా అన్నాను.

కారంపూడిలో పంక్చరు

ఈ దారిలో మొదట కళ్లకు ఆనేది రాయి. మా వైపు చేనుకు ముళ్లకంప, ఇంటికి ఇటుక, పశువుకు కొయ్య గుంజ. ఇక్కడ అన్నీ నాపరాయే. నిలబెట్టిన పలకలు చేలకు కంచె, పరిచిన పలకలు ఇంటికి కప్పు, పాతిన పలకకు బెజ్జం కొట్టి గేదె పలుపు. ఒక ఊళ్లో టీకొట్టు బల్లలు కూడా నాపరాయివే. చలికాలం పొద్దున వాటి మీద కూర్చున్నవాడు టీ తొందరగా తాగి లేస్తాడు. యజమాని తెలివిగలవాడు.

కారంపూడి ఇంకా మైలు ఉందనగా వెనక టైరు కూర్చుంది. అందరం దిగి నడిచాం. ఖాళీ బస్సు మా వెనక కుంటుకుంటూ వచ్చింది. పంక్చరు షాపు మనిషి ముసలివాడు, తలకు తువ్వాలు. గంటన్నర పట్టింది. మామూలుగా నేను అలాంటి పని చూస్తూ సంతోషంగా కూర్చుంటాను. ఆ రోజు మూడుసార్లు గడియారం చూశాను. గాలి కొడుతూ టైరును ఇనపకడ్డీతో కొట్టి చప్పుడు విన్నాడు. గేజీ పెట్టి చూడమన్నాను. నా మాట కాదనలేక పెట్టాడు. అతని చెవి, గేజీ ఒకటే చెప్పాయి.

“ఎంత?” అన్నాను.

“ఎనభై.”

“ఎనభై ఏంటి?”

నన్నొకసారి కిందనుంచి పైదాకా చూశాడు. “ఎనభై అంటే ఎనభైయ్యేనండి. మీ ఊళ్లో వేరే ఉందా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను గానీ చెయ్యి జేబు మీదికి పోయింది. ముప్పై ఏళ్లు నేనూ అలాగే చెప్పాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో ఏంటి అని అడిగినవాడు ఒక్కడూ లేడు. అడిగి ఉంటే నేనూ అలాగే చూసేవాణ్ణి.

క్వారీ గట్టు

దాచేపల్లిలో దిగేసరికి పన్నెండు దాటింది. నీళ్లు నిండిన క్వారీ అనగానే కిళ్లీకొట్టు అతను చెయ్యి చూపించాడు. రాళ్లు కొట్టే కూలీలను తీసుకెళ్లే ట్రాక్టరెక్కాను. మూడు మైళ్లు. సిమెంటు దుమ్ము పడి చెట్ల ఆకులు బూడిదరంగులో ఉన్నాయి.

క్వారీ అంటే నేను గుంట అనుకున్నాను. అది ఒక ఊరంత ఉంది. గోడలు మెట్లు మెట్లుగా తొలిచి ఉన్నాయి. నీళ్లు పైన పచ్చగా, లోపల నల్లగా ఉన్నాయి. కింది గట్టు మీద కంప్రెసరు దడదడలాడుతోంది. దాని పక్కన మస్తాన్, ఇద్దరు కూలీలు, చేతిలో తాడు పట్టుకుని ఒక నల్లటి సన్నటి మనిషి. అతని ముందు చెక్కకు బిగించిన నా గేజీ. నీళ్లలో బుడగలు.

దిగిన మనిషి పేరు అప్పారావు. తాడు పట్టుకున్నది అతని బావమరిది సింహాచలం. హార్బరులో ఓడల అడుగు గీకే పని వాళ్లది. అక్కడ ముప్పై నలభై అడుగులకు మించి దిగే అవసరం రాదు. అప్పారావు నడుముకు సన్న గొట్టం ఒకటి కట్టి ఉంటుంది, కింది కొస తెరిచి. పైనుంచి దాంట్లోకి గాలి ఊదితే నీరు బయటికి పోతుంది. నీటిని నెట్టటానికి ఎంత ఒత్తిడి పట్టిందో గేజీ చూపిస్తుంది. అదే లోతు. ఈ సంగతులు నేను తర్వాత తెలుసుకున్నాను. అప్పుడు చూసింది ముల్లు ఒక్కటే. అది ముప్పై ఎనిమిది మీద ఉంది.

మస్తాన్ నన్ను చూసి పరుగున వచ్చి నా సంచీ అందుకోబోయాడు. దిగి ఎంతసేపయిందని అడిగాను. సింహాచలం తన గడియారం చూసి నలభై మూడు నిమిషాలన్నాడు. ఒక పంపుకు కొక్కెం తగిలించేశాడు, రెండోదానికి తగిలిస్తున్నాడు, లోతు ముప్పై ఎనిమిదే కదా, తొందర లేదు అన్నాడు.

“ముప్పై ఎనిమిది ఏంటి?” అన్నాను.

“అడుగులండి” అన్నాడు సింహాచలం.

“పౌన్లు” అన్నాడు మస్తాన్, అదే క్షణాన.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొద్దుటి నుంచి పక్కపక్కన నిలబడి ఒకే ముల్లును చూస్తూ, ఒకే అంకె చెప్పుకుంటూ, సరే అంటే సరే అనుకున్నారు. మస్తాన్‌కు అది పౌన్లని ఎప్పుడూ తెలుసు. వాళ్ల లెక్క వాళ్లు చేసుకుంటారనుకున్నాడు. సింహాచలానికి లోతు గేజీ అంటే అడుగులే.

నేను చీటీ తీసి మస్తాన్ చేతిలో పెట్టాను. అతను లెక్క కట్టాల్సిన పని లేకుండానే తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. దిగే తాడు ఎంత పొడుగు అని సింహాచలాన్ని అడిగాను. రాయి కట్టి వదిలాం, అడుగు తగిలింది, గేజీ ఉంది కదా అని కొలవలేదన్నాడు. క్వారీ వాళ్లు మూడు మెట్ల లోతు అని చెప్పారట. ఒక్కో మెట్టు పన్నెండు అడుగులుంటుందని సింహాచలం వాళ్లు అనుకున్నారు. పైన పొడిగా ఉన్న మెట్టు నా ఎదురుగానే ఉంది, ఇరవై ఎనిమిది అడుగులకు తక్కువ లేదు.

“లెక్క ఎనభై ఎనిమిది. మీ పట్టిక తియ్యి,” అన్నాను.

పద్దెనిమిది నిమిషాలు

సింహాచలం వెంటనే చెక్క ముందు కూర్చున్నాడు. ఏ లోతులో ఎంతసేపుంటే వచ్చేటప్పుడు ఎంత ఆగాలో చెప్పే పట్టిక చెక్కకు అంటించి ఉంది. అందులో తొంభై వరస, యాభై నిమిషాల గడి వేలితో చూపించాడు. పదడుగుల దగ్గర పద్దెనిమిది నిమిషాలు ఆగాలి. ఆ తర్వాతే పైకి. గడి దాటితే ఇంకా ఎక్కువ ఆగాలి. యాభైకి ఆరు నిమిషాలుంది. పైకి రమ్మని వెంటనే నాలుగుసార్లు తాడు లాగాడు. కింది నుంచి నాలుగు లాగులు జవాబొచ్చాయి.

ఇప్పుడు పదడుగులు ఎలా చూడాలి? సింహాచలం గేజీ వైపు తిరిగాడు. నేను వద్దన్నాను. పదడుగులంటే నాలుగున్నర పౌన్లు. ఆ గేజీ ఎనభై దగ్గర నిజం చెబుతుంది, యాభై దగ్గర నిజం చెబుతుంది. పది కిందికి వస్తే మాత్రం ముల్లు సున్నా దగ్గరి మేకును ఆనుకుని దానికి తోచినట్టు నిలబడుతుంది. మిల్లులో పది పౌన్లతో మాకు పని లేదు కాబట్టి ఎప్పుడూ సరిచెయ్యలేదు. ఆ సంగతి లోకంలో నాకొక్కడికే తెలుసు.

మస్తాన్ దగ్గర టేపు ఉంది. కొత్త తాడు ఒకటి పదడుగులు కొలిచి, ఒక కొసకు పైపు ఫ్లాంజి కట్టాడు. ఫ్లాంజి అంటే బెజ్జమున్న ఇనుప బిళ్ల. దిగే తాడును దాని బెజ్జంలోంచి పోనిచ్చి నీళ్లలోకి జార్చి, రెండో కొస నీటి అంచున పట్టుకున్నాడు. పైకి వచ్చేవాడి చేతికి ముందు ఆ ఇనుము తగులుతుంది. తగిలినట్టు తాడు కదలగానే సింహాచలం ఒక్క లాగు లాగాడు. ఒక్క లాగంటే ఆగు అని.

కాసేపటికి కింది నుంచి ఒక లాగు వచ్చింది. ఆగాడు.

తర్వాత చెయ్యటానికి ఏమీ లేదు, నిలబడటం తప్ప. నా గడియారం నేను, అతని గడియారం సింహాచలం చూస్తున్నాం. బుడగలు ఒకచోటే వస్తున్నాయి. మా హడావిడి చూసి రాళ్లు కొట్టే ఆడవాళ్లు సుత్తులు పక్కన పెట్టి గట్టు పైకి చేరారు. నాతో ట్రాక్టరులో వచ్చిన నాగమ్మ కిందికి దిగి వచ్చింది.

“పైకొచ్చేటోణ్ణి రానీయకుండా ఆపారేందయ్యా?” అని అడిగింది.

గోలీసోడా తాగుతావా అన్నాను. తాగుతానంది. గోలీని ఒక్కపోటున నొక్కితే ఏమవుద్ది అన్నాను. సగం సోడా చీరమీదే అంది. లోతులో మనిషి పీల్చిన గాలి ఒంట్లో నెత్తుట్లో అలాగే బిగిసి ఉంటుంది, గోలీని కొంచెం కొంచెం నొక్కి గాలి వదిలేస్తున్నాం అని చెప్పాను. ఆమె కాసేపు బుడగలు చూసింది.

“అయితే నిదానంగానే నొక్కండి,” అని వెనక్కి తిరిగి, పై గట్టు మీది ఆడవాళ్లను అరవవద్దని అరిచింది.

పన్నెండో నిమిషాన కింది నుంచి నాలుగు లాగులు వచ్చాయి. పైకి వస్తానంటున్నాడు. పైనున్నవాళ్లు ముప్పై చిల్లర అడుగులనుకున్న పనికి తనను ఎందుకు ఆపారో అతనికి తెలియదు. చలి వేస్తోంది. సింహాచలం నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఒక్క లాగు లాగాడు. కింది నుంచి జవాబు లేదు. నాకు మా మేనమామ కర్రలు చర్చి నాపరాళ్ల మీద చేసే చప్పుడు గుర్తొచ్చింది. మళ్లీ ఒక్క లాగు. చాలాసేపటికి, విసుగ్గా అన్నట్టు, ఒక లాగు తిరిగి వచ్చింది.

పద్దెనిమిది నిమిషాలు అయ్యాయి. నేను రెండు కలిపి ఇరవై అన్నాను. అప్పుడు సింహాచలం నాలుగు లాగులు లాగాడు.

ఉప్పునీటి అడుగు

అప్పారావు పైకొచ్చి ముఖం మీది అద్దం తీసి మొదట బావమరిదిని తిట్టాడు. సంగతి విన్నాక తిట్టటం ఆపాడు. మోచేతులు, మోకాళ్లు మెల్లగా మడిచి చూసుకున్నాడు. నొప్పి లేదన్నాడు. నొప్పి గంటల తర్వాత కూడా రావచ్చట, అందుకని ఆ రోజూ మర్నాడూ అతణ్ణి ఎండలో కూర్చోబెట్టి ఎవరో ఒకరం పక్కనే ఉన్నాం. ఖాశింబీ జంతికలన్నీ అలా అయిపోయాయి.

చెప్పాల్సింది నేనే చెప్పాను. గేజీ నాదని, చీటీ రాసి అంటించలేదని, అందుకే వచ్చానని. అతను చీటీ తీసుకుని చాలాసేపు చదివాడు. చదవటానికి అందులో ఒక్క వరసే ఉంది.

“గేజీని లారీ ఎక్కించీసి, సీటీని బస్సెక్కించారు,” అన్నాడు. “రెండూ ఒక బండి ఎక్కాల్సిందండి బాబూ.”

నిజమేనన్నాను. ఎనభై అడుగుల్లో ఉన్నట్టు నీకు తెలియలేదా అని అడిగాను. చెవులు ఎక్కువసార్లు సర్దుకోవాల్సి వచ్చిందన్నాడు. రాతిగుంటలో దిగటం ఇదే మొదటిసారి, ఇక్కడి నీళ్లు ఇలాగే ఉంటాయేమో అనుకున్నాడు. పైన మనిషి అంకె చూస్తున్నాడని తెలిస్తే కిందివాడు తన చెవుల మాట ఎందుకు వింటాడు?

తర్వాత చీటీ నాకు తిరిగిచ్చి, ఇదీ తప్పే అన్నాడు. నా లెక్క తప్పటం నాకు అలవాటు లేదు. రెండడుగుల నాలుగంగుళాలు మిల్లు ఓవర్‌హెడ్ ట్యాంకు కొలిచి తేల్చిన లెక్క అన్నాను. అది మంచినీళ్లండి, మాది ఉప్పునీళ్ల అడుగు అన్నాడు. ఉప్పునీరు బరువు. వాళ్ల పట్టికంతా సముద్రపు అడుగుల్లోనే ఉంటుంది.

“మా అడుగు పొడుగు కాదండి, బరువు. సముద్రంలో అడుగు నీరు ఎంత బరువేస్తాదో అదే అడుగు. ఏ గుంటలో దిగినా మాకదే. మీ తాడు కూడా మూడంగుళాలు తక్కువేసినారు.”

రెండడుగుల మూడంగుళాలు. అక్కడే కూర్చుని నాలుగును కొట్టేసి మూడు రాశాను. ముప్పై ఎనిమిది పౌన్లు అతని అడుగుల్లో ఎనభై అయిదున్నర. అప్పుడూ తొంభై వరసే, అదే పద్దెనిమిది నిమిషాలు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఒత్తిడితో పనిచేసి, అడుగు బరువు కూడా కాగలదని ఒక ఓడలు గీకే మనిషి దగ్గర నేర్చుకున్నాను. డైరీలో ఆ మాట కింద గీత గీశాను.

మూడోరోజు గేజీ అద్దం మీద క్వారీ ఎర్ర పెయింటుతో ‘పౌన్లు’ అని పెద్దగా రాశాను. చుట్టూ కాగితం పట్టీ అంటించి అతని అడుగులు గుర్తులు పెట్టాను. పది కింద ‘నమ్మవద్దు’ అని రాశాను. చీటీ వెనక అంటించాను. ఈసారి జిగురు మస్తాన్ తెచ్చాడు. నేను అంటిస్తుంటే అతను పక్కనే నిలబడి చూశాడు, పని నేర్చుకునే రోజుల్లో నేను అతని పని చూసినట్టు.

నాలుగోరోజు పొద్దున అప్పారావు మళ్లీ దిగాడు. అతనే పెట్టుకున్న గడువు ఇరవై అయిదు నిమిషాలు. ఇరవై ఒకటికి రెండో కొక్కెం తగిలించి పైకొచ్చాడు. పంపు నీళ్లు కారుతూ లేచే సమయానికి నేను పిడుగురాళ్ల బస్సెక్కటానికి ట్రాక్టరులో ఉన్నాను. వెనక్కి తిరిగి చూశాను. గట్టు మీద నాగమ్మ, మిగతా ఆడవాళ్లు సుత్తులు ఆపి చూస్తున్నారు. గేజీ నేను తిరిగి అడగలేదు. అప్పారావు ఇస్తాననలేదు.

తిరిగి మిల్లుకు

పిడుగురాళ్లలో సున్నపు బట్టీల పొగ మధ్య బజ్జీలు తిన్నాను, బాగున్నాయి. సత్తెనపల్లి మీదుగా సాయంత్రానికి ఇంటికి చేరాను. రత్నమ్మ అంటించారా అని అడిగింది. అంటించానన్నాను. డైరీలో కూడా రాశాను.

మర్నాడు పెట్టెలో మిగిలిన పదకొండు గేజీలు తీసి, అన్నిటి మీదా పెయింటుతో రాశాను. సోమవారం మిల్లుకు వెళ్లి మేనేజరు గారిని అనుమతి అడిగాను. పని లేని ముసలివాడు అనుకుని ఉంటారు, సరేనన్నారు. బాయిలరు దగ్గర నుంచి మొదలుపెట్టాను. నా తర్వాత వచ్చిన ఫిట్టరు నిచ్చెన పట్టుకున్నాడు. నాలుగు గేజీల దాకా ఊరుకున్నాడు. అయిదోదాని మీద ‘పౌన్లు’ అని రాస్తుంటే నవ్వాపుకోలేకపోయాడు.

“మేస్త్రిగారూ, ఇక్కడ పౌన్లు కాక ఇంకేముంటాయండి?”

నేను ఆ మాట రాయటం పూర్తి చేశాను. నిచ్చెన ఆరోదాని కిందికి జరపమన్నాను.